కుట్టుకి రెండు వేళ్ళు

మా మరిది పని చేస్తుంటే పక్కన నిలబడి చూడాలంటే చాలా ఓపిక కావాలి. నాకు లేదు. ఉందని నేనెప్పుడూ ఎవరి దగ్గరా చెప్పుకోలేదు కూడా.

ఒక్క బోల్టు విప్పాలన్నా ముందు దాని చుట్టూ గుడ్డతో తుడుస్తాడు. తల అటు వంచి చూస్తాడు, ఇటు వంచి చూస్తాడు. ఒక పానా తీసుకుంటాడు, కింద పెడతాడు, ఇంకోటి తీసుకుంటాడు. ఈలోగా నేనైతే ఆ బోల్టు విప్పడం, పారేసుకోవడం, దానికోసం ఇల్లంతా వెతకడం కూడా అయిపోయేవి. బిగించేటప్పుడు మరీ ఘోరం. ఏదైనా సరే రెండుసార్లు బిగిస్తాడు. మొదటిసారి ఊరికే అన్నీ ఎక్కడివక్కడ పెట్టి, బోల్టులు వేళ్ళతో తిప్పి, ఏది దేనికి తగులుతోందో చూసుకుని, మళ్ళీ మొత్తం ఊడదీసేస్తాడు. దానికి వాడు పెట్టుకున్న పేరు ‘ఉత్తుత్తి బిగింపు’. అసలు బిగింపు ఆ తర్వాత. నేను పక్కనే పళ్ళు నూరుతున్నా వాడు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉంటాడు.

మా ఇల్లు రైలు పెట్టెలా పొడుగ్గా ఉంటుంది. వీధి వైపు గదిలో మా ఆయన దర్జీ షాపు. మధ్యలో మేం ఉండే గదులు. వెనకాల రేకుల షెడ్డు, అది మా మరిది గ్యారేజీ. ముందు నుంచి కుట్టు మిషను, వెనక నుంచి సుత్తి, మధ్యలో నా నోరు. ఇరుగుపొరుగు వాళ్ళు ఎలా బతుకుతున్నారో వాళ్ళకే తెలియాలి.

నా ఉద్యోగంలో బండి నడపడం, ఎక్స్‌రే తీయడం రెండూ ఉన్నాయి. ఆడవాళ్ళకి రొమ్ములో గడ్డ ఉంటే అది చేతికి తగలకముందే కనిపెట్టే మిషను ఒకటి ఆఫీసు వాళ్ళ ట్రెయిలరులో బిగించి ఉంటుంది. ఆ ట్రెయిలరును వెనక తగిలించుకుని కొండ మీది ఊళ్ళకు వెళ్తాను. లాగేది దున్నపోతు. అంటే మా బండి. ఎనిమిది సిలిండర్ల పెట్రోలు ఇంజను, మూడు వరసల సీట్లు, ఎక్కాలంటే ఒక చేత్తో తలుపు, ఒక చేత్తో సీటు పట్టుకోవాలి. ఆ పేరు నేనే పెట్టాను, తిట్టుకోవడానికి వీలుగా ఉంటుందని.

పైవాళ్ళు కిందికి రారు. బస్సు లేదు. ఉన్నా, పని వదిలి రొమ్ము చూపించుకోవడానికి ఇంత దూరం ఎవరొస్తారు? “బాగానే ఉన్నాం కదమ్మా” అంటారు. కొండ మీద బేకరీ నడిపే ఆవిడ కూడా అలాగే అంది. బతిమాలి, కసిరి, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి ట్రెయిలరులో నిలబెట్టాను. ఫిల్ములో ఆవగింజంత చుక్క కనిపించింది. అప్పుడే కనిపించబట్టి ఆవిడ ఇవాళ్టికీ పొయ్యి దగ్గర నిలబడి నన్ను తిడుతూనే ఉంది. “నీ చేతులు మంచుగడ్డలే, ఏం మనిషివి నువ్వు!” అని. ఆ తిట్టు వినబడినప్పుడల్లా నాకు నెత్తిన పాలు పోసినట్టు ఉంటుంది.

అలాంటివాళ్ళ దగ్గరికి వెళ్ళే దారి నాకు లేకుండా పోయే పరిస్థితి వచ్చింది.

కొత్త రోడ్డు వానలకు విరిగి పడిపోయాక, పైకి వెళ్ళడానికి పాత రోడ్డొక్కటే మిగిలింది. నిటారుగా ఉంటుంది. సగం దూరంలో రోడ్డు మోకాలిలా మడత పడుతుంది. అందరూ దాన్ని మోకాలి మలుపు అంటారు. ఆ రోజు మా ఆఫీసరమ్మ కూడా నా పక్క సీట్లో ఉంది, పని ఎలా జరుగుతోందో చూస్తానని. సరిగ్గా ఆ మలుపులో దున్నపోతు రొప్పింది, వణికింది, ఆగిపోయింది. ఆగడం ఒక్కటే అయితే బాగుండును. వెనక ట్రెయిలరు కిందికి లాగడం మొదలుపెట్టింది. బ్రేకు మీద నిలబడ్డాను, నిజంగానే నిలబడ్డాను. ఆఫీసరమ్మ దిగి, రాళ్ళు ఏరి, చక్రాల వెనక పెట్టింది. పక్కన చూస్తే లోయ. నాకు పట్టపగలే చుక్కలు కనిపించాయి.

మర్నాడు ఆఫీసుకు పిలిచింది. కోప్పడలేదు. కోప్పడితే నేనూ తిరిగి నాలుగు అనేదాన్ని.

“అమ్మా, మీరు ఉన్నారు కాబట్టి ప్రాణాలతో బయటపడ్డాం. కానీ ఇంకోసారి అలా జరగనివ్వలేను. ట్రెయిలరు కింద పెద్దాసుపత్రి ఆవరణలో పెట్టేద్దాం. కావాల్సిన వాళ్ళు వస్తారు” అంది.

“రారండీ.”

“వస్తారు.”

“రారని నేను చెప్తున్నాను కదా!” నా గొంతు నాకే పెద్దగా వినబడింది. “మేడమ్, బండి మాది. బాగు చేయించుకొస్తాను. ట్రెయిలరుతో సహా ఎక్కి చూపిస్తాను. ఎక్కకపోతే మీరే చెప్పినట్టు చేయండి.”

ఆవిడ చివరికి నెలాఖరు దాకా గడువిచ్చింది. ఆ రోజు తనే పక్కన కూర్చుంటానంది. ఆ మాట అన్నందుకే ఆవిడ మీద నాకు గౌరవం కలిగింది.

ఇంటికొచ్చి కంచాల ముందు కూర్చున్నప్పుడు అంతా చెప్పాను. చెప్పానంటే అరిచాను. దున్నపోతును, వానల్ని, రోడ్డు వేసినవాళ్ళని, ఎవర్నీ వదల్లేదు. మా ఆయన తల వంచుకుని తింటున్నారు. ఆయనకు నా కోపం సంగతి తెలుసు, పొంగు చల్లారేదాకా మూత తీయరు. మా మరిది మాత్రం ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

“వదినా, దున్నపోతుకి బలం లేక కాదు. ఊపిరి అందక” అన్నాడు.

“దానికి ఊపిరేంటి నాయనా?”

“పైకెళ్ళేకొద్దీ గాలి పలచబడుతుంది కదా. మనిషికి ఆయాసం ఎలాగో ఇంజనుకీ అలాగే. పీల్చుకున్న గాలి చాలక పెట్రోలు సరిగా మండదు. మనం పీల్చుకోమనకుండా, మనమే గాలిని లోపలికి తోసేశామనుకో…”

“ఎలా తోస్తావు, నోటితో ఊదుతావా?”

“సూపర్‌చార్జరు పెడదాం” అన్నాడు, ఆ ముద్ద అప్పుడు నోట్లో పెట్టుకుని.

మా ఆయన తలెత్తారు. “ఒరేయ్, అది పందెం కార్లకి పెట్టేది కాదట్రా?”

“పందెం కోసం పెట్టేవాళ్ళు పెడతారు అన్నయ్యా. మనం పరిగెత్తడానికి కాదు, ఊపిరాడ్డానికి పెడదాం.”

పాత బళ్ళు విరగ్గొట్టే యార్డులో, మా బండి లాంటిదే ఒకటి బోల్తా పడి నుజ్జయి ఉంటే, దాని మీద నుంచి సూపర్‌చార్జరు ఊడదీసుకొచ్చాడు. నేనేదో పెద్ద గాలిపంపు లాంటిది ఉంటుందనుకున్నాను. చూస్తే అల్యూమినియం డబ్బా. లోపల మెలి తిరిగిన పొడుగాటి ఇరుసులు రెండు, జడ అల్లినట్టు ఒకదాని సందులోకి ఒకటి దూరి ఉన్నాయి. ఒక ఇరుసును వేలితో తిప్పితే రెండోది కూడా తిరిగింది. చివరనున్న పళ్ళచక్రాలే రెండిటినీ కలిపి తిప్పుతాయి గానీ, ఇరుసులు ఒకదాన్నొకటి తాకవట. మధ్యలో వెంట్రుకవాసి ఖాళీ ఉంటుందట. నాకు నిజంగా ముచ్చటేసింది. ఇంత దగ్గరగా ఉండి తగవులాడకుండా తిరిగేవి మా ఇంట్లో ఇవే మొదలు.

ఇక పని మొదలైంది, నాకు నరకం మొదలైంది. ఇంజను పైన గాలి పీల్చుకునే గొట్టాలన్నీ తీసి ఆ చోట ఈ డబ్బా కూర్చోబెట్టాలి. గాలిని నొక్కితే వేడెక్కుతుంది కాబట్టి దాన్ని చల్లార్చడానికి ముందువైపు చిన్న రేడియేటరు ఒకటి పెట్టాలి. ఎక్కువ గాలికి ఎక్కువ పెట్రోలు కావాలి కాబట్టి పెట్రోలు చిమ్మే ముక్కులు మార్చాలి. ఎంత గాలికి ఎంత పొయ్యాలో ఇంజను కంప్యూటరుకు కొత్త పాఠం చెప్పాలి. ఇవన్నీ మా మరిది ఒక్కడే, ఎవర్నీ తొందరపెట్టకుండా, ఎవరు తొందరపెట్టినా వినిపించుకోకుండా చేసుకుంటూ పోయాడు. ప్రతిదీ ఉత్తుత్తిగా బిగించడం, ఊడదీయడం, తుడవడం, మళ్ళీ బిగించడం. నాకు తల ప్రాణం తోకకి వచ్చింది.

మా ఆయనకి మాత్రం పండగే. సాయంత్రం మిషను మీద గుడ్డ కప్పగానే, మెడలో టేపు అలాగే వేలాడేసుకుని షెడ్డులోకి వచ్చేస్తారు. ఇంజను గురించి ఆయనకి ఓనమాలు తెలియవు. అయినా “ఏరా, లైటు పట్టుకోనా?”, “ఏరా, ఆ గొట్టం పట్టుకోనా?” అని వెనకే తిరుగుతారు. తమ్ముడు చేస్తున్న పనిలో తనదీ ఒక చెయ్యి ఉండాలని ఆశ. మా మరిది కూడా ఎప్పుడూ వద్దనడు, లైటు అక్కర్లేకపోయినా పట్టుకోమంటాడు.

డబ్బా కూర్చున్నాక, దాన్ని తిప్పే బెల్టు కోసం కొలత కావాల్సి వచ్చింది. ఇంజను ముందువైపు ఉన్న చక్రాలన్నిటి మీదుగా ఆ బెల్టు పైకీ కిందికీ మెలికలు తిరుగుతూ పోవాలి.

“అన్నయ్యా, టేపు ఇటు తే. నువ్వే కొలువు. వంకర్లు కొలవడంలో నిన్ను మించినవాళ్ళు లేరు” అన్నాడు మా మరిది.

మా ఆయన మొహం చూడాలి, ఏనుగెక్కినంత సంబరం. చొక్కా చేతులు పైకి మడుచుకుని, బానెట్ కింద సగం దూరి, చంక కొలత తీసుకున్నంత జాగ్రత్తగా ఒక్కో చక్రం చుట్టూ టేపు తిప్పారు. చివర బొటనవేలితో నొక్కిపట్టి, ఒక్క క్షణం ఆలోచించి, అంకె చెప్పారు. మా మరిది ఆ అంకె రాసి అప్పటికప్పుడే బెల్టుకి కబురు పెట్టాడు. అది ఎక్కడో దూరం నుంచి తయారై రావాలి.

గడువు ఎల్లుండికి వచ్చింది. మధ్యాహ్నం పార్సిలు వచ్చింది. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి మా మరిది తిరగేసిన నూనె డబ్బా మీద కూర్చుని ఉన్నాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి. వాడి చేతులు ఖాళీగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

“ఏమైంది?”

“ఏం లేదు వదినా.”

“ఏం లేదంటే ఏమిటో చెప్పు!”

వేలు చూపించాడు. కొత్త బెల్టు చక్రాల మీద ఉంది గానీ, ఒకచోట ఆరేసిన తాడులా కిందికి వేలాడుతోంది. బెల్టును బిగువుగా పట్టి ఉంచే స్ప్రింగు చక్రం ఉంటుంది, అది సాగినంత దూరం సాగిపోయి ఇంక నావల్ల కాదన్నట్టు ఉంది.

“ఇలా వదులుగా ఉంటే నేల మీద సరే. కొండెక్కేటప్పుడు బరువు పడగానే బెల్టు జారుతుంది. జారితే గాలి తొయ్యదు. మళ్ళీ ఆ మలుపులో…” అని ఆపేశాడు.

“ఎంత ఎక్కువైంది?”

“రెండు వేళ్ళు.”

రెండు వేళ్ళు! నాకు ఒక్క క్షణంలో అంతా అర్థమైపోయింది. మా ఇంట్లో ఏ గుడ్డ తిరగేసి చూసినా లోపల రెండు వేళ్ళ గుడ్డ మడిచి ఉంటుంది. నా రవికెలకు ఉంటుంది, కిటికీ తెరలకు ఉంటుంది, చివరికి చేతిగుడ్డలకు కూడా ఉంటుంది. కొలిచిన దానికి కుట్టు కోసం రెండు వేళ్ళు కలపకుండా ఆ మనిషి నోట అంకె రాదు. ఇన్నేళ్ళుగా అలవాటు. బెల్టుకి కూడా కలిపేశారు!

అరికాలి మంట నెత్తికెక్కింది. “ఇప్పుడే వెళ్ళి అడుగుతాను. ఇనప చక్రాలకి కుట్టేమిటండీ అని అడుగుతాను. నా దారి పోయింది, అక్కడ అంతమంది ఆడవాళ్ళ సంగతి పోయింది, ఈయన గారి కుట్టుకి…”

నేను గుమ్మం దాటేలోపే వాడు ముందుకొచ్చి అడ్డం నిలబడ్డాడు. వాడు అంత వేగంగా కదలడం నేను చూడడం అదే మొదటిసారి.

“వదినా, నీ కాళ్ళు పట్టుకుంటాను. అన్నయ్యతో అనకు.”

“ఎందుకు అనకూడదు? తప్పు చేసింది ఆయనే కదా!”

“తప్పు నాది. నేను సరిచూసుకోలేదు.”

“అదే అడుగుతున్నాను! ప్రతి బోల్టూ రెండుసార్లు చూసుకుంటావు కదా, నా ప్రాణం తీస్తావు కదా, ఇది ఒక్కటి ఎందుకు చూసుకోలేదు?”

వాడు వింతగా చూశాడు, నేనేదో అర్థంలేని ప్రశ్న అడిగినట్టు. “అన్నయ్య చెప్పాడు కదా” అన్నాడు.

వాడు చేతిలో గుడ్డ నలుపుతూ మెల్లగా అన్నాడు: “అమ్మా నాన్నా పోయినప్పుడు నేను ఇంతవాణ్ణి. అన్నయ్యే కుట్టేవాడు నా నిక్కర్లు. కింద రెండు వేళ్ళు మడిచి పెట్టేవాడు. నేను పొడుగయ్యేకొద్దీ విప్పేవాడు. ఒక్క నిక్కరు ఎన్ని తరగతులు లాగానో! పిల్లలు నవ్వితే చెప్పేవాణ్ణి, మా అన్నయ్యకి ముందే తెలుసు నేను పెరుగుతానని. ఆ రెండు వేళ్ళు తప్పంటే ఆయన తట్టుకోలేడు వదినా. మళ్ళీ షెడ్డులోకి అడుగు పెట్టడు.”

ఆ మాట నిజం. మా ఆయన సంగతి నాకు తెలియదా! పైకి నవ్వేసి, లోపల్లోపల కుమిలిపోయే రకం. నేను గుమ్మంలోనే కూలబడ్డాను. కోపం ఎటు పోయిందో పోయింది, ఏడుపు వచ్చింది. నాకు ఏడుపొస్తే ఇంకా కోపం వస్తుంది.

“సరే, అనను. మరి ఎల్లుండి ఏం చేద్దాం? నువ్వూ నేనూ కలిసి తోద్దామా?”

వాడు నా చీర కుచ్చిళ్ళ వైపు చూస్తున్నాడు. ఏంట్రా ఇది అనుకున్నాను.

“వదినా, గుడ్డ పొడుగైతే ఏం చేస్తారు?”

“కత్తిరిస్తారు.”

“అన్నయ్య కత్తిరించడు కదా.”

“మడుస్తారు. మడిచి కుట్టేస్తారు.”

“అదే” అని వెంటనే లేచాడు. “మనమూ మడుద్దాం.”

వాడు చేసింది చెప్తాను, నాకు అర్థమైనంత వరకు. పాత కారు ఒకదాని నుంచి నున్నటి చిన్న చక్రం తీసుకున్నాడు. మందపాటి ఇనప పలక కోసి, దానికొక ఆధారం చేశాడు. బెల్టు ఎక్కడ వేలాడుతోందో అక్కడ ఆ చక్రంతో బెల్టును పక్కకి నొక్కి, మెలిక ఒకటి ఎక్కువ తిప్పించాడు. చీరకు కుచ్చిళ్ళు పెట్టినట్టే, మిగిలిన పొడుగు అంతా అందులోకి పోయింది. బెల్టు తీగలా బిగుసుకుంది.

“అమ్మయ్య! బిగించేసెయ్” అన్నాను.

“ఇది ఉత్తుత్తి బిగింపే వదినా” అన్నాడు.

వాణ్ణి ఏం చేసినా పాపం లేదనిపించింది. గడువు నెత్తి మీద ఉంది, వీడు మళ్ళీ ఊడదీస్తానంటాడు! నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు చేత్తో ఇంజనును మెల్లగా తిప్పుతూ, ఆ కొత్త చక్రం వెనక లైటు పెట్టి చూశాడు. తర్వాత నన్ను పిలిచి చూపించాడు. ఆధారం బోల్టు తల, నీళ్ళ గొట్టాన్ని ముట్టీ ముట్టనట్టు రాసుకుంటోంది. అలాగే వదిలేసి ఉంటే కొండ సగం ఎక్కేసరికి గొట్టానికి చిల్లు పడి, నీళ్ళన్నీ కారిపోయి, ఇంజను మాడిపోయేది.

నా నోరు మూతపడింది. మా ఇంట్లో అది వార్తే. వాడు ఆ బోల్టు తీసేసి, తల పలచగా ఉన్నది వెతికి వేశాడు. అప్పుడు ఊడదీశాడు, తుడిచాడు, అసలు బిగింపు బిగించాడు. ఈసారి నేను తిట్టలేదు, పక్కనే కూర్చుని ఒక్కో పానా అందించాను.

బండిని బయట ఒకసారి తిప్పి వచ్చాక వాడి మొహం వెలిగింది. “వదినా, ఇంకో సంగతి చూశావా? ఆ మెలిక వల్ల బెల్టు సూపర్‌చార్జరు చక్రాన్ని ఇదివరకటి కంటే ఎక్కువ చుట్టుకుంటోంది. పట్టు పెరిగింది. సరైన కొలత బెల్టు వచ్చి ఉంటే ఇంత పట్టు ఉండేది కాదు.”

ఆ రోజు రానే వచ్చింది. నేను స్టీరింగు దగ్గర, పక్కన ఆఫీసరమ్మ, వెనక మా మరిది. మా ఆయన షాపు మూసేసి మరీ వచ్చి తమ్ముడి పక్కన కూర్చున్నారు, మెడలో టేపుతో. తీసి ఇంట్లో పెట్టి రండి అంటే వినలేదు.

పాత రోడ్డు మొదలయ్యాక బానెట్ కింద నుంచి సన్నటి ఊళ వినిపించడం మొదలైంది. నేను పెడల్ నొక్కేకొద్దీ అది పెరుగుతోంది. దున్నపోతు రొప్పడం లేదు. వెనక ట్రెయిలరు ఉందన్న సంగతే దానికి గుర్తు లేనట్టు, దర్జాగా పోతోంది. నాకు నవ్వాగడం లేదు. ఇన్నేళ్ళు దీన్ని పట్టుకుని ఎన్ని మాటలన్నాను! పాపం, దానికి ఊపిరాడకపోతే నేను బద్ధకం అనుకున్నాను.

మోకాలి మలుపు వచ్చింది. సగం తిరిగానో లేదో ఆఫీసరమ్మ అంది: “ఇక్కడ ఆపండి.”

“ఇక్కడా?”

“ఇక్కడే కదా ఆ రోజు ఆగిపోయింది. ఇక్కడి నుంచే బయలుదేరాలి. లేకపోతే నాకు ధైర్యం రాదు.”

ఒళ్ళు మండింది గానీ ఆవిడ మాటలో తప్పు లేదు. ఆపాను. ఆ రోజు ఆవిడ ఏరి పెట్టిన రాళ్ళు ఇంకా రోడ్డు పక్కనే ఉన్నాయి. కింద లోయ. బరువు ఒక్కసారిగా పడేది ఇప్పుడే. బెల్టు జారాలంటే ఇప్పుడే జారాలి. అద్దంలో మా మరిది వైపు చూశాను. వాడు కళ్ళు మూసుకుని తల కొంచెం పక్కకి వంచి ఉన్నాడు, వింటున్నాడు.

“భయపడకు” అన్నారు మా ఆయన వెనక నుంచి, ధీమాగా. “కొలత నాది.”

ఏడవాలో నవ్వాలో తెలియలేదు. బ్రేకు వదిలి పెడల్ నొక్కాను. ట్రెయిలరు ఒక్కసారి వెనక్కి గుంజింది. ఆఫీసరమ్మ పైనున్న పిడి పట్టుకుంది. ఊళ లేచింది, లేచి నిలబడింది, ఎక్కడా తెగలేదు. దున్నపోతు భుజం ఎగరేసినట్టు ముందుకు కదిలి, మలుపు తిరిగి, రాళ్ళను దాటి పైకి ఎక్కేసింది. నేను గట్టిగా అరిచాను. ఏమని అరిచానో గుర్తు లేదు, తిట్టే అయి ఉంటుంది. మా మరిది కళ్ళు తెరిచాడు.

కొండ మీద బేకరీ ముందు బండి ఆపగానే ఆ మహాతల్లి పిండి చేతులతోనే బయటికొచ్చింది. “ఇన్నాళ్ళూ ఏమైపోయావు? మా వాళ్ళు ఎంతమంది ఎదురుచూస్తున్నారో తెలుసా? చేతులు వేడి చేసుకునే వచ్చావా?” అని మొదలుపెట్టింది. ఆవిడ వెనకే ఒక్కొక్కరూ గుమ్మాల్లోంచి వస్తున్నారు. ‘బాగానే ఉన్నాం కదమ్మా’ అన్నవాళ్ళే. నాకు కళ్ళు మసకబారాయి.

ఆఫీసరమ్మ దిగి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, నా దగ్గరికొచ్చింది. “ట్రెయిలరు ఇటే వస్తుంది” అంది. తర్వాత గొంతు తగ్గించి, “మిషను సిద్ధంగా ఉంటే ముందు నన్ను చూడండి. అందరికీ చెప్తాను గానీ నేనెప్పుడూ చేయించుకోలేదు” అంది.

“నా చేతులు చల్లగా ఉంటాయి మేడమ్” అన్నాను.

వారం తిరిగాక ఒక సాయంత్రం నేను షెడ్డులోకి టీ పట్టుకెళ్ళాను. మా మరిది దున్నపోతు బానెట్ ఎత్తి బెల్టు మీద వేలు వేసి చూస్తున్నాడు. మా ఆయన లైటు పట్టుకుని ఉన్నారు. కొండల్లో తిరిగే బండికి ఇంకో బెల్టు దగ్గరుంచుకుంటే మంచిదని వాడు అంటున్నాడు.

“అయితే ఉండు, కొలిచి చెప్తా” అని మా ఆయన లైటు నాకిచ్చి మెడలోంచి టేపు తీశారు. చక్రాల మీద టేపు తిప్పుతూ తిప్పుతూ ఆ కొత్త చక్రం దగ్గర ఆగిపోయారు. దాన్ని వేలితో తట్టారు. తమ్ముడి వైపు చూశారు, నా వైపు చూశారు. నేను టీ కప్పుల వైపు చూశాను.

“ఒరేయ్ చిన్నోడా, అప్పుడు నేను అలవాటు కొద్దీ కుట్టుకి రెండు వేళ్ళు కలిపి చెప్పానా ఏంటి?” అన్నారు మెల్లగా.

మా మరిది గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, తొందరేమీ లేకుండా, ఒక్కో వేలూ.

“కలిపావు అన్నయ్యా” అన్నాడు. “ఈసారి కూడా కలుపు.”